మిగులు యంత్రాలు: పల్నాడులో ఒక వడ్రంగం షెడ్డు చరిత్ర

దళితుల వృత్తుల చరిత్ర అనగానే మనకు తోలు, డప్పు, పాలేరుతనం, పాకీ పని గుర్తుకొస్తాయి. పరిశోధకులమని చెప్పుకునే మేము కూడా ఇన్నేళ్ళూ వాటి చుట్టూనే తిరిగాం. రంపం, బాడిస, చిత్రిక కనిపిస్తే అవి వేరే కులాలవని పక్కకు జరిగాం. అంటే ఊరు గీసిన గీతనే మేమూ మా నోటు పుస్తకాల్లో గీసుకున్నాం. పల్నాడులో ఒక మాదిగపల్లె అంచున, తారురోడ్డు పక్కన ఉన్న రేకుల షెడ్డులో రెండు రోజులు కూర్చున్నాక గాని ఆ సంగతి మాకు తట్టలేదు.

ఆ షెడ్డు యజమాని మాదిగ. నలభై ఏళ్ళు వడ్రంగం చేశాడు. ఇప్పుడు వయసు డెబ్బై దాటింది. ఒక కంటికి చూపు తగ్గింది. కుడిచేతి రెండు వేళ్ళ కొసలు ఎప్పుడో పోయాయి. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు, కూతురు నర్సు. ఇద్దరికీ ఈ పని రాదు, అక్కర్లేదు కూడా. షెడ్డులో యంత్రాలు తీసేసి చోటు ఖాళీ చేయాలని ఇంట్లో అనుకున్నారు. పాత ఇనుము కొనే అతను వచ్చి మొత్తం తూకానికి అడిగిపోయాడు. అప్పుడు పెద్దాయన మాకు కబురు చేశాడు. “తూకానికి పోతే ఏది ఏందో ఎవురికీ తెలవకుండా పోద్ది. మీరు చదువుకున్నోళ్ళు గదా, వచ్చి ఒక కాయితం మీద రాసిపెట్టండబ్బాయ్” అన్నాడు. తన పేరు, ఊరి పేరు రాయవద్దన్నాడు. అందుకే ఇక్కడ పెద్దాయన అనే రాస్తున్నాం. మేము పిలిచింది మాత్రం పెదనాయనా అని.

మేము రాసిన జాబితా మొదటి పేజీ ఇది: బ్యాండ్ సా ఒకటి. పన్నెండు అంగుళాల ప్లానర్ ఒకటి. బల్లకు బిగించిన చక్రం రంపం ఒకటి. ఐదడుగుల చెక్క లేత్, పాత మాటలో చెప్పాలంటే తరిమెన, ఒకటి. చదరపు బెజ్జాలు కొట్టే మిషను ఒకటి. బ్యాండ్ సా బ్లేడుకు పళ్ళు సానపట్టే మిషను ఒకటి. త్రీఫేజ్ మోటార్లు మూడు. చివరి రెండు మిషన్ల పక్కన ఆయన పట్టుబట్టి రాయించిన మాట: “ఎన్నడూ తిరగలేదు.”

ఇంట్లోవాళ్ళు వీటన్నిటికీ వాడుతున్న మాట ‘మిగులు సామాను’. ఆ మాట వినగానే మాకు 1973 నాటి భూసంస్కరణల చట్టం గుర్తొచ్చింది. అప్పుడు ‘మిగులు భూమి’ అన్నారు. ఎవరి దగ్గర ఎంత మిగిలిందో తేల్చే కాగితాలు 1975 నుంచి నడిచాయి, కోర్టులకెక్కాయి, బినామీ పేర్లలోకి దూరాయి. భూస్వామి దగ్గర మిగులు తేల్చడానికి అంత యాతన పడ్డ సర్కారు, మాదిగ వడ్రంగి షెడ్డులోకి మొదటి రోజే మిగులును తెచ్చి దించింది. ఎట్లా దించిందో ముందు ముందు చెప్తాం. అంతకంటే ముందు ఒక తోలు మనిషి కొడుకు చెక్క పనిలోకి ఎట్లా వచ్చాడో చెప్పాలి.

మోట బావి దగ్గర

పెద్దాయన తండ్రి మోట బొక్కెనలు కుట్టేవాడు. నాగార్జునసాగర్ కాలువ రాకముందు పల్నాడు మెట్ట ప్రాంతం. బావి ఉన్న రైతు రెండెడ్లు కట్టి మోట తోలాలి. మోటను కొంచెం నిదానంగా చూస్తే ఊరి కులాల ఏర్పాటు మొత్తం అందులో కనిపిస్తుంది. గిలక, గిలకను మోసే కొయ్యలు, కాడి వడ్రంగి పని. బొక్కెన, దాని తొండం, వారు మాదిగ పని. బొక్కెన అంచుకు, ఇరుసుకు ఇనుము కమ్మరి పని. చెక్క లేనిదే తోలు పైకి రాదు, తోలు లేనిదే చెక్కకు పని లేదు. పంట ఇంటికొచ్చే రోజు ముగ్గురూ కళ్ళం దగ్గరికే పోయి మేర అడిగేవాళ్ళు.

అయితే ముగ్గురూ ఒకే చోట నిలబడేవాళ్ళు కాదు. వడ్రంగి కళ్ళంలోకి వచ్చి చేటలో పోయించుకునేవాడు. పెద్దాయన తండ్రి గట్టు మీద గోనెసంచి పరిచి దూరంగా నిలబడేవాడు. “మా నాయన కుట్టిన బొక్కెనలో నీళ్ళు వాళ్ళ మడిలోకి పోయేయి, ఆ నీళ్ళకు మైల లేదు. మా నాయన చెయ్యి తగిలితే మాత్రం గింజలకు మైల” అన్నాడు పెద్దాయన. బ్రహ్మనాయుడి చాపకూడు కథను ఇప్పటికీ పాడుకునే గడ్డ మీదే ఇదంతా జరిగింది.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. వడ్రంగులూ శ్రమ కులమే. విశ్వబ్రాహ్మణులు తమ శుభకార్యాలను తామే చేయించుకునే హక్కు కోసం బ్రాహ్మణులతో చిత్తూరు అదాలతు దాకా పోయి 1818లో తీర్పు తెచ్చుకున్నవాళ్ళు. ఆ కులంలో పుట్టిన పోతులూరి వీరబ్రహ్మం మాదిగ కక్కయ్యను శిష్యుడిగా తీసుకున్నాడని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత చరిత్ర ఉండి కూడా ఉలిని, బాడిసను పల్లె దాకా రానివ్వలేదు. 1936లో ‘కుల నిర్మూలన’లో అంబేద్కర్ చేసిన వాదనలో అసలు సంగతి ఇదే: కులం పనిని పంచిపెట్టి ఊరుకోదు, పనిచేసేవాళ్ళనే మెట్లుగా పేరుస్తుంది. పైమెట్టు మీదున్నవాడితో కొట్లాడినవాడు కిందిమెట్టును కాళ్ళతో అదిమిపట్టే ఉంటాడు. బహుజన ఐక్యత గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ ముక్కను మింగేస్తుంటాం. మింగేస్తే అరగదు.

1955 డిసెంబరు 10న సాగర్ డ్యాముకు పునాది పడింది, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు. కాలువ కింద మోటతో పని లేదు. కాలువ అందని చోట్లకు కరెంటు మోటార్లు వచ్చాయి. పెద్దాయన తండ్రికి పని పోయింది. అదే సమయంలో గిలకలు చేసే వడ్రంగికీ ఆ పని పోయింది గాని, అతనికి తలుపులు, కిటికీలు, మంచాలు, బండ్లు మిగిలాయి. తోలు మనిషికి మిగిలింది కూలి. చేతివృత్తుల పతనం మీద మన వామపక్ష మిత్రులు రాసిన వ్యాసాలలో ఇద్దరినీ ఒకే వాక్యంలో పెట్టి ‘వృత్తిదారులు దెబ్బతిన్నారు’ అని తేల్చేశారు. దెబ్బ ఒకటే కావచ్చు, పడిన ఎత్తులు వేరు.

ఐటిఐ, ఆటోనగర్

పని నేర్పే చోటు ఊళ్ళో లేదు. వడ్రంగి కొట్టంలో మాదిగ పిల్లవాడు చెక్క మొయ్యవచ్చు, ఉలి పట్టకూడదు. మరి ఎక్కడ నేర్చుకోవాలి? కేంద్ర ప్రభుత్వం 1950లో మొదలుపెట్టిన శిల్పకారుల శిక్షణ పథకం కింద వచ్చిన ఐటిఐలు దళితులకు తెరుచుకున్న మొదటి కొట్టాలు. మన చరిత్రల్లో యూనివర్సిటీ సీటుకు, హాస్టలుకు ఉన్న చోటు ఐటిఐకి లేదు. ఉండాలి. ఎందుకంటే తండ్రి చేసిన పని కాకుండా వేరే పనిని చేతితో నేర్చుకునే హక్కు అక్కడ కాగితం మీద రాసి ఇచ్చారు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ తెచ్చిన బడి పథకం దీనికి సరిగ్గా ఎదురు దిక్కు: పిల్లలు సగం పూట బడిలో, మిగతా సగం తండ్రి వృత్తిలో. దాన్ని జనం కులవిద్య పథకమన్నారు, మరుసటి ఏడే అది పోయింది. అదే ఇక్కడ నడిచి ఉంటే పెద్దాయన సగం పూట చచ్చిన గొడ్డు దగ్గరే ఉండేవాడు.

ఐటిఐలో ఏడాది వడ్రంగం నేర్చుకుని విజయవాడ ఆటోనగర్‌కు పోయాడు, లారీ బాడీలు కట్టే షెడ్లకు. అక్కడ దుంగలు, బోల్టులు, గంటల పని. “అక్కడ కులం అడగలేదా?” అన్నాం. నవ్వాడు. “కులం అడగరు. ఏ ఊరు అంటారు, ఆ ఊళ్ళో ఏ బజారు అంటారు. మూడో ప్రశ్న రాకముందే నేను మిషను ఆన్ జేసేవాణ్ణి, ఆ రొదకు ఎవురికీ ఏమీ ఇనబడదు.” అక్కడే ప్లానర్ మీద చెయ్యి జారి రెండు వేళ్ళ కొసలు పోయాయి. మాలో ఒకరు ఏకలవ్యుడి ఊసెత్తబోతే ఆయన అడ్డం కొట్టాడు: “నా వేళ్ళు ఏ గురువూ అడగలేదబ్బాయ్. గార్డు లేని మిషను లాక్కుంది. గార్డు పెట్టమంటే టైము వేస్టని పెట్టలా.” సిద్ధాంతం చేతిలో పెట్టుకుని పోయే మాలాంటి వాళ్ళకు ఈ జవాబు అవసరమే.

ఆ రాత్రి బసకు తిరిగొచ్చాక మేము మాట్లాడుకున్నది ప్లానర్ గురించే. చెక్కను చిత్రిక పట్టే యంత్రానికి 1791లోనూ, చెక్క పని యంత్రాల మొత్తం శ్రేణికి 1793లోనూ ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నది శామ్యూల్ బెంథామ్. తత్త్వవేత్త జెరెమీ బెంథామ్ తమ్ముడు. వీటిని పని రాని ఖైదీల చేత నడిపించవచ్చన్నది వాళ్ళ ఆలోచన. తర్వాత పోర్ట్స్‌మత్ ఓడరేవులో ఓడల తాళ్ళకు గిలకలు చేయడానికి మార్క్ బ్రూనెల్ రూపొందించగా హెన్రీ మాడ్స్‌లే తయారుచేసిన 45 యంత్రాలు పెట్టారు. 110 మంది నిపుణులు చేసే పనిని 10 మంది మామూలు కూలీలు చేశారని చరిత్రకారులు రాశారు. 1808లో ఒక్క ఏడాదే లక్షా ముప్పై వేల గిలకలు తయారయ్యాయి.

ఈ లెక్కను ఇంగ్లండు పనివాడి వైపు నుంచి చదివితే అది నైపుణ్యం పోగొట్టుకున్న కథ. 100 మంది చేతులకు పని లేకుండా పోయిన కథ. అది నిజం. కానీ పల్లె వైపు నుంచి చదివితే ఇంకొకటి కూడా కనిపిస్తుంది: ఆ పది మంది ఎవరి కొడుకులో యంత్రానికి అవసరం లేదు. వంశం నుంచి చేతికి, చేతి నుంచి కొడుకు చేతికి పోయే విద్యను యంత్రం మధ్యలో తెంపింది. గాంధీ వర్ణధర్మమంటే తాతతండ్రుల వృత్తిని పాటించడమన్నాడు, యంత్రం వద్దన్నాడు. ఆ రెండు మాటలకూ చుట్టరికం ఉంది. 1945లో కాంగ్రెసు మీద, గాంధీ మీద రాసిన పుస్తకంలో అంబేద్కర్ యంత్రం వైపు నిలబడటానికి కారణమూ అదే: ఒళ్ళు హూనమయ్యే చాకిరీ నుంచి మనిషికి తీరిక దొరకాలంటే యంత్రం కావాలి. తప్పు యంత్రంలో లేదు, దాన్ని గుప్పిట పెట్టుకున్న సమాజ ఏర్పాటులో ఉంది.

అయితే యంత్రానికి కులం లేదని చెప్పి ముగించేస్తే అబద్ధమవుతుంది. యంత్రానికి లేదు. యంత్రానికి కావలసిన కరెంటుకు, జాగాకు, కలపకు, అప్పుకు, గిరాకీకి ఉంది.

లోను మీద వచ్చిన మిగులు

1980ల మొదట్లో పెద్దాయన ఊరికి తిరిగొచ్చాడు. 1978-79లో మొదలై 1980 అక్టోబరు 2 నుంచి దేశమంతా వచ్చిన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం నడుస్తున్న రోజులు. ఎస్సీలకు అందులో సగం దాకా సబ్సిడీ. 1974లో పెట్టిన షెడ్యూల్డ్ కులాల ఆర్థిక సంస్థ మార్జిన్ మనీ ఇచ్చేది, మిగతాది బ్యాంకు. చెప్పుకోవడానికి సులువు. దరఖాస్తు పెట్టినప్పటి నుంచి మిషను దిగేదాకా ఆయన తిరిగిన తిరుగుడు గురించి రాస్తే వేరే వ్యాసం అవుతుంది. ఒక్కటి మాత్రం చెప్తాం. పల్నాడులో పల్లెలు చాలావరకు లూథరన్ చర్చి నీడలో పెరిగినవి. ఆ మిషన్ పెద్ద హేయర్ 1849లోనే గురజాలకు వచ్చాడు. పెద్దాయనకు బాప్తిస్మం పేరు ఒకటి, సర్టిఫికెట్ పేరు ఒకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ణి ఎస్సీగా గుర్తించదు. “చర్చిలో యేసయ్య వడ్లాయన కొడుకని పాట పాడతాం. లోనాఫీసులో ఆ మాట తలిస్తే లోను రాదు” అన్నాడు. ఆయన నవ్వుతూనే చెప్పాడు. మేము నవ్వలేదు.

ఆయన అడిగింది రెండే: ఒక బ్యాండ్ సా, ఒక లేత్. వచ్చింది వేరు. యూనిట్ అంటే ఇన్ని మిషన్లని కాగితం మీద ముందే రాసి ఉంది. సప్లయరు ఎవరో ముందే తేలిపోయింది. బెజ్జాలు కొట్టే మిషను వచ్చింది, దానికి పనికొచ్చే ఉలులు రాలేదు. బ్లేడు సానపట్టే మిషను వచ్చింది, ఆయన దగ్గర అప్పటికి బ్యాండ్ సాయే లేదు. అడిగితే “యూనిట్లో ఉంది, తీసుకో” అన్నారు. రెండూ ఆయన అప్పులోకి ఎక్కాయి. వడ్డీ వాటిమీద కూడా కట్టాడు. ప్లానర్, చక్రం రంపం కూడా యూనిట్లోవే, అవి పనికొచ్చాయి. బ్యాండ్ సా, లేత్ ఆటోనగర్‌లో పాతవి చూసి సొంత డబ్బులతో తెచ్చుకున్నాడు. అంటే జాబితాలో ‘ఎన్నడూ తిరగలేదు’ అని రాయించిన రెండు మిషన్లు నలభై ఏళ్ళ కింద వచ్చిన రోజే మిగులు. దళితుల కోసం ఖర్చయిన సొమ్ము లెక్కల్లో మాత్రం అవి ‘గ్రౌండ్ అయిన యూనిట్’ కింద జమ అయి ఉంటాయి. సంక్షేమ పథకాల చరిత్రను కేటాయింపుల పట్టికలతో రాసే మిత్రులు ఇట్లాంటి షెడ్లలోకి ఒకసారి తొంగిచూడాలి.

పాత బ్యాండ్ సాకు పట్టా బెల్టు. మొదటి నెలలోనే తెగింది. పట్నం పోయి కొత్తది తెచ్చే డబ్బు లేదు. తండ్రి అప్పటికి బతికే ఉన్నాడు. మోట పోయాక పదిహేనేళ్ళుగా అటక మీద పడి ఉన్న ఆరె, రంపె దించాడు. తెగిన కొసలను రంపెతో ఏటవాలుగా కోసి, పొరలుగా చెక్కి, తడి వారుతో కుట్టాడు. “మోట తొండం కుట్టినట్టే కుట్టాడు. చక్రం ఎక్కించి స్విచ్చి ఎయ్యమన్నాడు. తిరిగింది. ఎనిమిది నెలలు తిరిగింది అబ్బాయ్ ఆ కుట్టు” అన్నాడు పెద్దాయన. మాదిగ తోలు కోసే కత్తి రంపె, వడ్రంగి చెక్క కోసేది రంపం. ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నా, వాటిని పట్టే చేతులను భాష కలిపినంత దగ్గరగా ఊరు ఎన్నడూ కలవనివ్వలేదు.

షెడ్డులో ఇంకొక మనిషి పని ఉంది, ఏ కాగితంలోనూ లేదు. చెక్కకు లప్పం పూసి, ఉప్పు కాగితం పట్టి, పాలిషు వేసింది పెద్దమ్మ. రంపపు పొట్టు ఎత్తి పొయ్యిలోకి మోసింది ఆవిడే. లోను కాగితం మీద ఆవిడ వేలిముద్ర జామీను చోట ఉంది, పనివాళ్ళ చోట లేదు. “మీ రాతల్లోనన్నా రాస్తారా?” అని అడిగింది. మేము పెద్దాయన మాటలు రాసుకుంటూ అప్పటికి ఒక పూట గడిపేశాం, ఆవిడ మమ్మల్ని అడిగేదాకా ఆవిడను ఒక్క ప్రశ్న అడగలేదు.

గుమ్మం ఎవరు ఎత్తాలి?

మొదట గిరాకీ పల్లెలోంచే వచ్చింది. మంచాలు, బల్లలు, చర్చికి బెంచీలు, శవపెట్టెలు. తర్వాత ఊళ్ళోవాళ్ళూ వచ్చారు, ఎందుకంటే మిషను కోత సాపుగా ఉంటుంది, చవక. కిటికీలు చేయించుకున్నారు. తలుపులు చేయించుకున్నారు. సింహద్వారం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. గుమ్మం ఎత్తడం వట్టి వడ్రంగం కాదు. ముహూర్తం, పసుపు కుంకుమ, మామిడాకులు, నవధాన్యాలు, నిలబెట్టిన మేస్త్రికి తాంబూలం, కొత్త బట్టలు. ఆ చెయ్యి మాదిగ చెయ్యి కాకూడదు.

దానికి ఊరు కనిపెట్టిన ఉపాయం చూడండి. గుమ్మం పెద్దాయన షెడ్డులోనే తయారయ్యేది. కొలత, కోత, చెక్కడం, పాలిషు అంతా ఇక్కడే. రాత్రిపూట ట్రాక్టరులో ఎక్కించుకుపోయేవాళ్ళు. తెల్లవారి వడ్రంగి మేస్త్రి వచ్చి దాని మీద ఉలితో రెండు దెబ్బలు కొట్టి నిలబెట్టేవాడు. బట్టలు, తాంబూలం ఆయనకు. కూలి డబ్బులు ఇక్కడికి, అవీ బేరమాడి. “ఎన్ని గుమ్మాలు చేశావు పెదనాయనా?” అంటే లెక్క చెప్పలేకపోయాడు. “ఎన్నిటి కిందనుంచి లోపలికి పోయావు?” అంటే వెంటనే చెప్పాడు: “ఒక్కటి. మన పంతులుగారిది.” పంతులుగారంటే పల్లెలో పుట్టి బడిపంతులైన మనిషి.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినప్పుడు ఈ షెడ్డు మూడు నెలలు ఖాళీగా ఉంది. ఊళ్ళో ఎవరూ బహిష్కరించామని చాటింపు వేయలేదు. పని ఇవ్వడం మానేశారంతే. అప్పట్లో దళిత మహాసభ మీటింగులకు పోయివచ్చిన కుర్రవాళ్ళు రాత్రుళ్ళు ఈ షెడ్డులోనే కూర్చునేవాళ్ళు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికి కాలువలో పడేశాక మళ్ళీ అదే జరిగింది. 1994 జులై 7న ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టాక మాత్రం షెడ్డుకు కొత్త గిరాకీ వచ్చింది. డప్పుకు చెక్క చట్రం కావాలి. తోలు మాదిగ బిగిస్తాడు గాని చట్రం కోసం వడ్రంగి దగ్గరికే పోవాలి. ఆ ఏడాది పెద్దాయన బ్యాండ్ సా మీద చట్రాలు కోసి ఇచ్చాడు. చుట్టుపక్కల పల్లెలనుంచి వచ్చి తీసుకుపోయారు. చెక్క, తోలు ఒకే పల్లెలో తయారయిన డప్పు మా పల్నాడులో అదే మొదటిదేమోనని ఆయన అనుకుంటాడు. ఆ మాట ఆయన గర్వంగా అన్నాడు, మేము దాన్ని అట్లాగే రాస్తున్నాం.

ఖాళీ చేసిన రోజు

యంత్రాలు ఒక్కసారిగా ఆగలేదు. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వు తర్వాత కోత మిల్లుల లైసెన్సుల పట్టు దేశమంతా బిగిసింది. అడవి మిగలాలంటే అది అవసరమే, కాదనం. కానీ ఒక్క బ్యాండ్ సా ఉన్న షెడ్డును కూడా కోత మిల్లు కిందే చూస్తామని ఒక ఉద్యోగి వచ్చి బెదిరించి, చెయ్యి తడుపుకుని పోయాడు. మళ్ళీ మళ్ళీ వచ్చాడు. దుంగలు కోయడం పెద్దాయన మానుకున్నాడు. తర్వాత ప్లైవుడ్డు, ఫ్యాక్టరీ తలుపులు, ప్లాస్టిక్ కిటికీలు వచ్చాయి. హైదరాబాదులో ఫ్లాట్లకు లోపలి పనంతా రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన వడ్రంగులు గుత్తకు చేస్తున్నారు.

అందుకే ప్లానర్, లేత్ కొనడానికి వచ్చిన మనిషిని చూసి మేము కొంత తికమకపడ్డాం. ఆయన పక్క టౌనులో వడ్రంగి మేస్త్రి, ఆ కులంలోనే పుట్టినవాడు. గుమ్మాల మీద రెండు దెబ్బలు కొట్టిన మేస్త్రికి మనవడు. కొన్నాళ్ళు హైదరాబాదులో గుత్తేదారు కింద రోజుకూలికి చేసి, ఒళ్ళు పాడై తిరిగొచ్చాడు. షెడ్డంతా చూసి, చాలాసేపు లేత్ దగ్గర నిలబడ్డాడు. “మా తాత మీ మీద ఊళ్ళో చాలా చెప్పేవాడండీ” అన్నాడు పెద్దాయనతో. “చెప్పినాడులే. నా గుమ్మాలు ఎత్తి నా తాంబూలం కూడా తిన్నాడు” అన్నాడు పెద్దాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. బేరం కుదిరింది. పెద్దమ్మ ఇద్దరికీ టీ ఇచ్చింది, ఆయన తాగాడు. ఆ టీని చూసి మేము ఐక్యత గురించి వ్యాసం రాసుకోవచ్చు. రాయడం లేదు. ఆయన పోతూ పోతూ ఒక మాటన్నాడు: కేంద్రం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన విశ్వకర్మ పథకంలో తనకు పనిముట్లకు పదిహేను వేలు వచ్చిందని, లక్ష అప్పుకు పెట్టుకున్నానని.

ఆ పథకం వడ్రంగంతో కలిపి 18 వృత్తులకు. ఏ కులం వాళ్ళయినా పెట్టుకోవచ్చని కాగితం చెబుతుంది. అదే కాగితం కుటుంబ సంప్రదాయంగా వస్తున్న వృత్తి అని కూడా చెబుతుంది. 2024 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం ఈ షరతు మీదే అభ్యంతరం చెప్పి, ఉన్నది ఉన్నట్టుగా అమలు చేయబోమన్నది. రాజాజీ పథకాన్ని చూసిన గడ్డ కాబట్టి వాళ్ళకు వాసన పట్టింది. మన దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. పెద్దాయనను మేము అడిగాం, నీ వయసులో పెట్టుకునేవాడివా అని. “ఏమని పెట్టుకోను? నా కుటుంబం సంప్రదాయం తోలు. అందులో చెప్పులు కుట్టేదానికి కూడా ఇస్తారంట గదా. మళ్ళీ ఆడికే పొమ్మంటారా?” అన్నాడు.

తూకానికి పోయినవి ఎన్నడూ తిరగని ఆ రెండు మిషన్లే. ఇనుమువాడు వాటి మీది పసుపు రంగు అట్లాగే ఉందని ఆశ్చర్యపోయాడు. చక్రం రంపాన్ని మ్యూజియంకో, యూనివర్సిటీకో ఇద్దామని మాలో ఒకరు అన్నారు. పెద్దాయనకు కోపం వచ్చింది. “దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి చచ్చినోడి ఫోటోకు మాదిరి దండేస్తారా? పని చేసేదాన్ని పనికియ్యండి.” దాన్ని పల్లెలో ఐటిఐ చదివిన ఇద్దరు కుర్రవాళ్ళు అడిగారు. ఒకడు ఫిట్టరు, ఇంకొకడు ఎలక్ట్రీషియను, ఇద్దరికీ పర్మినెంటు పని లేదు. బ్యాండ్ సా కూడా కావాలన్నారు. షెడ్డు ఖాళీ చేస్తే పెట్టుకునే జాగా వాళ్ళకు లేదు. మీటరు పెద్దాయన పేరు మీద ఉంది. త్రీఫేజ్ కొత్తగా కావాలంటే డిపాజిట్టు కట్టాలి. కొడుకు హైదరాబాదు నుంచి ఫోనులో అద్దె ఎంతిస్తారని అడిగాడు. పెద్దమ్మ ఫోను తీసుకుని ఇంకొక ఏడాది ఉంచమంది.

మేము బయలుదేరేసరికి చక్రం రంపం, బ్యాండ్ సా షెడ్డులోనే ఉన్నాయి. జాబితాకు రెండు కాపీలు తీశాం, ఒకటి వాళ్ళ దగ్గర, ఒకటి మా దగ్గర. చేతి పనిముట్ల పెట్టెను పెద్దాయన జాబితాలో రాయనివ్వలేదు. మూత తీసి చూపించాడు. బాడిస, మూడు చిత్రికలు, ఏడు ఉలులు, మూలమట్టం. అడుగున నూనె గుడ్డలో చుట్టిన తండ్రి రంపె. బ్యాండ్ సా బెల్టు మళ్ళీ తెగింది, కుర్రవాళ్ళకు కుట్టడం చూపించాలని దాన్ని తీసి రాయి మీద నూరడం మొదలుపెట్టాడు.